వ్యూఫైండర్‌లో ఒకటి, ఫొటోలో ఇంకొకటి: పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఆటోఫోకస్ బాగుచేసిన ప్రాజెక్టు డైరీ

మొదటి స్థితి

బాడీ (లెన్సు కాక మిగతా కెమెరా) 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి (చిన్న సైజు సెన్సరు) డీఎస్‌ఎల్‌ఆర్. ఎంట్రీ లెవల్ మోడలు కాబట్టి మెనూలో ఫోకస్ తప్పును అంకెతో సరిచేసే ఆటోఫోకస్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ లేదు. తిరుపతిలో ఒక స్టూడియో అన్న పెళ్లిళ్లకు వాడి వాడి పక్కన పెట్టేసింది. సొంత లెన్సు 50 ఎంఎం ఎఫ్/1.8, చిన్న మోటారుతో గేర్లు తిరిగే పాత రకం. ఆటోఫోకస్ చేస్తున్నప్పుడు దీని ఫోకస్ రింగు కూడా తిరుగుతుంది. ఈ సంగతి తర్వాత బాగా పనికొచ్చింది. పోల్చి చూడటానికి ఆ అన్న దగ్గరే 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, ఇంకో బాడీ అడిగి తెచ్చుకున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ జబ్బు ఏ కంపెనీ డీఎస్‌ఎల్‌ఆర్‌కైనా రావచ్చు, వెతికే దారి కూడా ఒకటే.

జబ్బు ఇది: మనిషి కంటి మీద వ్యూఫైండర్ మధ్యలోని ఫోకస్ పాయింటు పెట్టి షటర్ బటన్ సగం నొక్కితే బీప్ వస్తుంది, చుక్క వెలుగుతుంది. ఫొటోను కంప్యూటర్లో వంద శాతానికి పెంచి చూస్తే మాత్రం కనుపాప మెత్తగా ఉంటుంది, కణత దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. పెళ్లికూతురిని కొంచెం పక్క నుంచి తీస్తే బాసికం మసక, వెనక పూలజడ స్పష్టం. అది కూడా ప్రతిసారీ కాదు. కొన్ని ఫొటోలు చక్కగా వస్తాయి, అందుకే కెమెరాది తప్పని తేల్చుకోవడానికి అందరికీ చాలాకాలం పడుతుంది.

బాడీ చేతికిస్తూ అన్న చెప్పిన మాట: "లైవ్ వ్యూలో పెట్టుకుంటే బాగానే వస్తాది సామీ. కంటికి ఆనించుకోని తీస్తేనే యాడికో పోతాది." లైవ్ వ్యూ అంటే వెనక స్క్రీన్ చూస్తూ తీయడం, కంటికి ఆనించుకోవడం అంటే వ్యూఫైండర్‌లోంచి చూడటం. సగం రోగనిర్ధారణ ఆ మాటలోనే ఉంది.

బయటి సర్వీస్‌కి అడిగితే చెప్పిన ధర బాడీ విలువలో సగానికి పైనే. అందుకే ఇంట్లోనే మొదలుపెట్టాను.

దశ 1: తప్పు ఏ దారిలో ఉందో విడదీయడం

డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే దారులు రెండు. లైవ్ వ్యూలో అద్దం పైకి లేచి ఉంటుంది. ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది, కాబట్టి చూసేదీ తీసేదీ ఒకటే. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు అలా కాదు. పెద్ద అద్దం మధ్య భాగం కొంత కాంతిని లోపలికి వదులుతుంది. ఆ కాంతిని వెనకున్న చిన్న అద్దం కిందికి మళ్లిస్తుంది. మిర్రర్ బాక్సు (అద్దాలుండే గది) అడుగున ఉన్న ఆటోఫోకస్ మాడ్యూలు దాన్ని రెండుగా చీల్చి, రెండు బొమ్మల మధ్య తేడాను కొలిచి, లెన్సు ఎటు ఎంత తిరగాలో చెబుతుంది. లెన్సు నుంచి ఈ మాడ్యూలుకి ఉన్న దూరం, లెన్సు నుంచి సెన్సరుకి ఉన్న దూరం సరిసమానంగా ఉన్నంతవరకే ఆ లెక్క నిజం.

చేసిన పని:

1. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, లైవ్ వ్యూలో 10 రెట్లు పెంచి, చేత్తో ఫోకస్ చేసి ఒక ఫొటో తీశాను. పూర్తి షార్ప్.
2. లైవ్ వ్యూ ఆటోఫోకస్‌తో మళ్లీ. ఇదీ షార్ప్.
3. వ్యూఫైండర్ ఆటోఫోకస్‌తో. మెత్తగా వచ్చింది.
4. గోడ మీద అంటించిన న్యూస్‌పేపరును లైవ్ వ్యూలో తీసి నాలుగు మూలలూ చూశాను. నాలుగూ ఒకేలా ఉన్నాయి. మౌంటు (లెన్సు బిగించే చోటు) వంగలేదు, సెన్సరు ఒరగలేదు.

దీంతో లెన్సు గాజు, సెన్సరు, మౌంటు పక్కకెళ్లాయి. మిగిలినవి చిన్న అద్దం, అది వచ్చి ఆనే పిన్ను, ఆటోఫోకస్ మాడ్యూలు, లెన్సు మోటారు గేర్లు, లెన్సుకీ బాడీకీ కరెంటు కలిపే కాంటాక్టులు.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 0.

దశ 2: కొలిచే ఏర్పాటు

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఈ దశే. తినాల్సింది కూడా ఇక్కడే. కొలత నమ్మకంగా లేకపోతే తర్వాత తిప్పే ప్రతి స్క్రూ గుడ్డిగా తిప్పినట్టే.

ముందు చాలామంది చేసేదే నేనూ చేసి చూశాను: స్కేలును 45 డిగ్రీలకు వాల్చి, దాని మధ్య గీత మీదే ఫోకస్ చేయడం. పనికిరాలేదు. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చతురస్రం కంటే అసలు ఫోకస్ చూసే ప్రాంతం పెద్దది. వాలుగా ఉన్న స్కేలు మీద అది ముందు అంకెను పట్టుకుంటుందో వెనక అంకెను పట్టుకుంటుందో చెప్పలేం. వరసగా తీసిన షాట్లు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

మార్చిన ఏర్పాటు:

1. ప్లైవుడ్ ముక్క మీద ఏ4 కాగితం. దాని మీద నిలువు, అడ్డం నల్ల పట్టీలు, లేజర్ ప్రింటు. ఫోకస్ దీని మీదే. ఇది సెన్సరుకి సమాంతరంగా నిలబడాలి.
2. దాని పక్కనే 60 సెం.మీ. స్టీలు స్కేలు, 45 డిగ్రీల వాలుతో. స్కేలు మీది 30 గీత సరిగ్గా కాగితం తలంలో ఉండాలి.
3. కాగితం మధ్యలో మామూలు చేతి అద్దం ఆనించి వ్యూఫైండర్‌లోంచి చూడాలి. అద్దంలో మన లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే కెమెరా నిటారుగా ఉన్నట్టు. తర్వాత అద్దం తీసేయాలి.
4. దూరం, ఫోకల్ లెంగ్త్‌కి (లెన్సు పేరులోని ఎంఎం అంకె) 50 రెట్లు. 50 ఎంఎంకి 2.5 మీటర్లు, 85 ఎంఎంకి 4.25 మీటర్లు.
5. ఎఫ్/1.8 (లెన్సు పూర్తిగా తెరిచి), తక్కువ ఐఎస్ఓ, షటర్ 1/250కి తగ్గకుండా, 2 సెకన్ల టైమర్.
6. ప్రతి షాటుకి ముందు లెన్సును చేత్తో పూర్తిగా తప్పించాలి: ఒకసారి ఇన్ఫినిటీ (అతి దూరం) వైపు, ఒకసారి దగ్గర వైపు.

స్కేలు మీద బాగా షార్ప్‌గా ఉన్న చోటు మధ్యబిందువును చదివి 0.7తో గుణిస్తే లోతులో ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది. వెనక్కి పడితే ప్లస్, ముందుకు పడితే మైనస్. చదవడంలో 5 మి.మీ. అటూ ఇటూ తప్పుతుంది. ఇంకో చెకింగ్ కూడా పెట్టుకున్నాను: ఒకే వెలుగులో, ఒకే ఎక్స్‌పోజరులో జేపెగ్ ఫైలు సైజు చూడటం. బొమ్మ షార్ప్‌గా ఉంటే గీతల అంచులు ఎక్కువగా నిలిచి ఫైలు పెద్దదవుతుంది. తప్పు ముందుకా వెనక్కా అనేది ఇది చెప్పదు, కానీ స్కేలు చదివేటప్పుడు కన్ను మోసపోతే పట్టిస్తుంది.

50 రెట్లు ఎందుకంటే, ఆ దూరంలో ఏ లెన్సుకైనా బొమ్మ అసలులో 49వ వంతు ఉంటుంది. అప్పుడు రెండు లెన్సుల రీడింగులనూ పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చొచ్చు. ఈ లెక్కలోనే ఇంకో సంగతి తేలుతుంది: కాగితం దగ్గర 24 మి.మీ. తప్పు అంటే సెన్సరు దగ్గర 0.01 మి.మీ. మాత్రమే. మనం వెతుకుతున్నది మిల్లీమీటరులో వందో వంతుల్ని. అద్దం కింద దుమ్ము చేరితే ఎందుకంత గొడవో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మా ఇల్లు బైరాగిపట్టెడలో. బండి వెళ్తే వసారా గచ్చు అదిరి ట్రైపాడ్ కదులుతోంది. పొద్దున్నే రోడ్డు నిమ్మళంగా ఉన్నప్పుడు, ఎండ నేరుగా పడని వెలుగులో తీయడం అలవాటు చేసుకున్నాను.

మొదటి కొలతలు, ఒక్కో జోడీకి పదేసి షాట్లు. "సగటు" అంటే మొత్తం మీద ఫోకస్ ఎటు జరిగిందో. "చెదురు" అంటే కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య దూరం.

- నా బాడీ, 50 ఎంఎం: సగటు +118, చెదురు 155
- నా బాడీ, 85 ఎంఎం: సగటు +96, చెదురు 110
- అన్న బాడీ, 50 ఎంఎం: సగటు +4, చెదురు 63
- అన్న బాడీ, 85 ఎంఎం: సగటు −6, చెదురు 26

(అన్నీ మి.మీ.లలో.)

ఈ నాలుగు వరసలు కుదురుగా చదివితే చాలు. 85 లెన్సు మంచి బాడీ మీద బుద్ధిగా ఉంది. 50 లెన్సుకి ఏ బాడీ మీదైనా సొంత చెదురు ఉంది. నా బాడీ మాత్రం ఏ లెన్సు పెట్టినా వెనక్కి పోతోంది, చెదురుతోంది కూడా. అంటే జబ్బులు ఒకటి కాదు, కనీసం మూడు.

ఇక్కడే ఆగి గట్టిగా చెప్పాల్సిన మాట: సగటును సరిచేసే పని ఇప్పుడే మొదలుపెట్టకూడదు. మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్న బాడీలో కూడా అంతే. చెదురు 155 ఉన్నప్పుడు ఒక్క షాటు చూసి −10 అని పెడితే, తర్వాతి షాటు ముందుకు పడుతుంది, మళ్లీ +5 అంటాం, దానికి అంతుండదు. "అడ్జస్ట్ చేసినా బాగుపడలేదు" అని నేను విన్న కేసుల్లో చాలావాటికి కారణం ఇదే అనుకుంటున్నాను. ముందు చెదురు తగ్గాలి, ఆ తర్వాతే సగటు.

ఖర్చు: స్కేలు 120, ప్రింట్లు 20, చేతి అద్దం 30. ఇప్పటిదాకా: రూ. 170.

దశ 3: లెన్సు వైపు చెదురు

50 ఎంఎంని అన్న బాడీకి పెట్టి దీని లెక్క విడిగా చూశాను. ఆ బాడీ మంచిదని తేలింది కాబట్టి, మిగిలే తప్పంతా లెన్సుదే.

1. కాంటాక్టులు: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన స్వాబ్‌తో లెన్సు వెనక, బాడీ మౌంటులో ఉన్న పిన్నులు తుడిచాను. స్వాబ్ నల్లబడింది. తిరుపతి ఉక్కపోతలో చెమట చేత్తో పెళ్లి మధ్యలో లెన్సులు మారుస్తుంటే ఇది మామూలే. చెదురు 63 నుంచి 58కి. పెద్ద తేడా లేదు.
2. లెన్సు మౌంటు స్క్రూలు: రెండు వదులుగా ఉన్నాయి. బిగించాను. జపాన్ కెమెరాల స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉన్నా జేఐఎస్ అనే వేరే రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. చెదురు 50.
3. ఏ వైపు నుంచి వస్తోందో చూడటం: షాట్లను రెండు గుంపులుగా విడదీశాను. ఇన్ఫినిటీ వైపు నుంచి వచ్చినవాటి సగటు +22, దగ్గర వైపు నుంచి వచ్చినవి −18.

మూడోది చూశాక విషయం తేలిపోయింది. ఇది చెదురు కాదు, రెండు గుంపులు. గేర్ల పళ్ల మధ్య సందు ఉంది. మోటారు చెప్పినంత తిరుగుతోంది గానీ, దిశ మారినప్పుడు ఆ సందు పూడే వరకు లెన్సు కదలట్లేదు. ఫొటోలన్నిటినీ ఒకే కుప్పలో వేసి సగటు తీస్తే +2 వచ్చి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే దిశ రాసుకోకుండా కొలవొద్దు.

గేర్లు మార్చడం ఈ లెన్సు ధరకి గిట్టదు. ఒక అలవాటుతో చాలావరకు దారికొచ్చింది: సగం నొక్కి వదిలి, మళ్లీ సగం నొక్కడం. రెండో నొక్కులో లెన్సు కొంచెమే కదలాలి కాబట్టి సందు ముందే పూడి ఉంటుంది. ఇలా రెండు నొక్కులతో అన్న బాడీ మీద 50 ఎంఎం చెదురు 30కి దిగింది. ఇక నుంచి ఈ లెన్సుతో అన్ని కొలతలూ రెండు నొక్కులతోనే.

నా బాడీ మీదికి తిరిగి మార్చితే: సగటు +112, చెదురు 108. అంటే లెన్సు వాటా పోయింది, బాడీ వాటా అలాగే ఉంది.

ఖర్చు: ఆల్కహాల్ 150, స్వాబ్‌లు 80, జేఐఎస్ స్క్రూడ్రైవర్ 350. ఇప్పటిదాకా: రూ. 750.

దశ 4: బాడీ లోపలి చెదురు

ముందు అనుమానం ఆటోఫోకస్ మాడ్యూలు కిటికీ మీద దుమ్ము. మెనూలో సెన్సరు క్లీనింగ్ కోసం ఉండే ఆప్షన్‌తో అద్దం పైకి లేపితే, మిర్రర్ బాక్సు అడుగున ఆ కిటికీ కనిపిస్తుంది. చెయ్యబోయేవాళ్లకు మూడు జాగ్రత్తలు:

1. బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో చార్జి అయిపోతే అద్దం టక్కున కిందికి పడుతుంది, లోపల మన పుల్ల ఉంటే అద్దం విరుగుతుంది.
2. చేత్తో పిండే రబ్బరు బ్లోయర్ మాత్రమే. డబ్బాలో వచ్చే గాలి వద్దు, దాంట్లోంచి ద్రవం చిమ్ముతుంది. నోటితో అసలే ఊదొద్దు.
3. అద్దాల పూత గాజు వెనక కాదు, పైమొహం మీదే ఉంటుంది. గుడ్డ, స్వాబ్, వేలు ఏదీ తగలకూడదు.

బాడీని మౌంటు కిందికి వచ్చేలా పట్టుకుని ఊదాను. చిన్న పోగు ఒకటి రాలింది. కొలిస్తే: సగటు +110, చెదురు 101. అంటే ఇది అసలు కారణం కాదు. అయితే ఇంతకుముందు ఎడమ పాయింటుతో లాక్ కాకుండా అటూ ఇటూ వెతికేది, అది ఆగిపోయింది. ఆ పోగు దాని మీదే పడి ఉండాలి.

ఇప్పుడు ప్రశ్న: మాడ్యూలు ప్రతిసారీ వేరే లెక్క చెబుతోందా, లేక అద్దం ప్రతిసారీ వేరే చోట కూర్చుంటోందా? కెమెరా విప్పకుండా ఇది తేల్చాలి. ఆటోఫోకస్‌లో తిరిగే రింగు ఇక్కడ పనికొచ్చింది.

1. 50 ఎంఎం ఫోకస్ రింగు చుట్టూ తెల్ల కాగితపు టేపు అంటించి, సన్న పెన్సిలుతో అర మిల్లీమీటరు గీతలు గీశాను. కదలని లెన్సు గొట్టం మీద ఒక గీత.
2. ఫొటో తీయకుండా, లెన్సును ఇన్ఫినిటీకి తిప్పి, రెండుసార్లు సగం నొక్కి, రింగు ఎక్కడ ఆగిందో భూతద్దంతో చదివాను. అదే మళ్లీ మళ్లీ.
3. తర్వాత, రెండు రీడింగుల మధ్య ఒకసారి షటర్ పూర్తిగా నొక్కి, అంటే అద్దం ఒకసారి పైకి లేచి కిందికి వచ్చాక, మళ్లీ చదివాను.

అద్దం కదలనంతసేపు రింగు ఎప్పుడూ ఒకే గీత దగ్గర ఆగింది. అద్దం ఒకసారి లేచి కూర్చున్నాక మాత్రం అర మిల్లీమీటరు దాకా పక్కకు జరిగింది. కొన్నిసార్లు పాత చోటికే వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. మాడ్యూలు చెప్పేది సరే, దానికి కాంతి పంపే అద్దం ప్రతిసారీ ఒకే చోట ఆనట్లేదు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేకుండా, ఒక్క స్క్రూ తీయకుండా, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది.

మళ్లీ అద్దం పైకి లేపి, టార్చి పక్కవాటుగా వేసి, భూతద్దంతో గోడలు చూశాను. మిర్రర్ బాక్సు పక్క గోడలో చిన్న అద్దం వచ్చి ఆనే పిన్ను ఉంటుంది. పిన్ను మెరుస్తూ కనిపించాలి. ఒక వైపు నల్లగా, జిగురుగా ఏదో అంటుకుని ఉంది, ఆవగింజలో పావు వంతు ఉంటుందేమో. పైన అద్దం దెబ్బ ఆపడానికి పెట్టే నల్ల ఫోమ్ పట్టీ పాతబడి పొడిపొడిగా రాలుతోంది, అందులో ఒక ముక్క వేడికి కరిగి ఇక్కడ అతుక్కుంది. అద్దం కొన్నిసార్లు దాని మీద ఆగుతోంది, కొన్నిసార్లు దాన్ని నొక్కుకుని ఇంకొంచెం కిందికి వస్తోంది.

తీసిన విధానం: పళ్లపుల్ల కొనను చదునుగా కోసి, ఆల్కహాల్‌లో ముంచి, టిష్యూ మీద ఒత్తి, చుక్క కారదని చూసుకుని, పిన్ను మీద మాత్రమే రాశాను. కొన నల్లబడ్డాక కోసేసి కొత్త కొనతో మళ్లీ. ఫోమ్ పట్టీలో రాలిపోయేలా ఉన్న అంచును ట్వీజర్‌తో తీసేశాను. పట్టీ మొత్తం మార్చలేదు, మిగతా భాగం ఇంకా గట్టిగానే ఉంది.

తర్వాత కొలతలు:

- నా బాడీ, 50 ఎంఎం, రెండు నొక్కులు: సగటు +66, చెదురు 34
- నా బాడీ, 85 ఎంఎం: సగటు +62, చెదురు 24

చెదురు మంచి బాడీ స్థాయికి వచ్చేసింది. 24 మి.మీ. అంటే సెన్సరు దగ్గర 0.01 మి.మీ. ఇంతకంటే తగ్గించాలని వెంటపడటం అనవసరం. రెండు లెన్సులూ ఇప్పుడు ఒకే మాట చెబుతున్నాయి, కాబట్టి మిగిలిన జరుగుడంతా బాడీదే. లెన్సుకో రకంగా వచ్చి ఉంటే బాడీలో ఏదీ ముట్టుకునేవాణ్ణి కాదు.

ఖర్చు: బ్లోయర్ 280, భూతద్దం 100. ఇప్పటిదాకా: రూ. 1,130.

దశ 5: సగటు, అద్దం పిన్ను తిప్పడం

మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్న బాడీ అయితే ఈ దశ అవసరం లేదు. మెనూలో అంకె మార్చి మళ్లీ కొలిస్తే సరి. నా బాడీలో అది లేదు. చిన్న అద్దం ఆనే పిన్ను మధ్య నుంచి కొంచెం పక్కకు జరిగి అమరి ఉంటుంది. దాని తలలోని సన్న అలెన్ గుంటలో కీ పెట్టి తిప్పితే అద్దం ఆగే కోణం రవ్వంత మారుతుంది. పక్కనే పెద్ద అద్దానికి కూడా ఇలాంటి పిన్నే ఉంటుంది. అది తిప్పితే వ్యూఫైండర్‌లో కనిపించే ఫోకస్ కూడా చెడుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. ఏది దేనిదో ఆ మోడలు సర్వీస్ బొమ్మ చూసి ఖాయం చేసుకున్నాకే కీ చేతిలోకి తీసుకోవాలి.

1. తిప్పకముందు పిన్ను తల మీద, గోడ మీద కలిసేలా సన్న మార్కర్‌తో చుక్క పెట్టి, ఫోనులో దగ్గరగా ఫొటో తీశాను.
2. అపసవ్యంగా రవ్వంత: సగటు +98. దిశ తప్పు.
3. చుక్క దగ్గరికే తిరిగి తెచ్చాను. తిప్పకముందు మధ్య పాయింటుకి ఉన్న +64 రావాలి, +71 వచ్చింది. గుంటలో కీకి కూడా సందు ఉంది. అందుకే ఎప్పుడూ ఒకే దిశ నుంచి, సవ్యంగా తిప్పుతూనే వచ్చి ఆగాలని నియమం పెట్టుకున్నాను.
4. సవ్యంగా: +40.
5. ఇంకొంచెం: +18.
6. ఇంకొంచెం: −9.

కీ కదలిక గడియారంలో నిమిషం ముల్లు జరిగేంత. చేతికి తెలిసీ తెలియనంత. ప్రతి కదలిక తర్వాత అద్దాన్ని పదిసార్లు లేపి దించి, అప్పుడే కొలిచాను.

−9 దగ్గర ఆపేద్దామనిపిస్తుంది. కానీ మిగతా పాయింట్లు కూడా చూడాలి, ఎందుకంటే అద్దం ఒరుగుతోందే తప్ప మొత్తంగా జరగట్లేదు. ఒరిగినప్పుడు కీలుకి దూరంగా ఉన్న భాగం ఎక్కువ, దగ్గరున్న భాగం తక్కువ మారుతుంది.

- తిప్పకముందు: పై పాయింటు +58, మధ్య +64, కింది +72
- −9 దగ్గర: పై −23, మధ్య −9, కింది +19

మధ్యను బాగుచేస్తుంటే పైకీ కిందికీ తేడా 14 నుంచి 42కి పెరిగింది. వెనక్కి తెచ్చి మధ్య +12 వచ్చేచోట ఆపాను: పై 0, మధ్య +12, కింది +34. మనుషుల్ని అడ్డంగా తీసేటప్పుడు ముఖం ఫ్రేములో పైనే ఉంటుంది, కాబట్టి నాకు పై పాయింటు సరిగ్గా ఉండటం ముఖ్యం. మధ్యలో +12 అంటే సెన్సరు దగ్గర 0.005 మి.మీ., కంటికి ఆనదు.

పాయింటు చోటు మారిందేమో కూడా చూశాను. తెల్ల గోడ మీద ఒకే ఒక్క నల్ల చుక్క పెట్టి, వ్యూఫైండర్ చతురస్రాన్ని దాని చుట్టూ జరుపుతూ ఎక్కడ లాక్ అవుతుందో గుర్తించాలి. రవ్వంత కిందికి జరిగింది, కానీ చతురస్రం దాటలేదు.

పిన్ను కదలకుండా చివర్లో గోళ్లరంగు చుక్క. అది పూర్తిగా ఆరేదాకా అద్దం దించకూడదు. అందుకే ఈ పని కూడా నిండు బ్యాటరీతోనే.

ఖర్చు: సన్న అలెన్ కీల సెట్టు 180, గోళ్లరంగు 40. ఇప్పటిదాకా: రూ. 1,350.

దశ 6: వెలుతురు మారితే

మధ్య పాయింటును సరిగ్గా సున్నాకి తేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటిదాకా కొలతలన్నీ పగటి వెలుగులో. ముహూర్తాలు తెల్లవారుజామున కూడా ఉంటాయి. అదే కాగితాన్ని మూడు వెలుగుల్లో తీశాను, 50 ఎంఎం, మధ్య పాయింటు:

- పగటి వెలుగు: +12
- తెల్ల ఎల్ఈడీ: +6
- పాత పసుపు ఫిలమెంట్ బల్బు: −16

బల్బు వెలుగులో ఎరుపు, దానికి అవతల కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువ. ఎరుపు కాంతి లెన్సు వెనక కొంచెం దూరంగా కలుస్తుంది. ఆటోఫోకస్ మాడ్యూలు ఆ కాంతిని కూడా చూస్తుంది. ఫొటో సెన్సరు ముందు ఫిల్టరు ఉంటుంది కాబట్టి అది చూడదు. అందుకే లెక్క ముందుకు పడుతుంది. ఎల్ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు, అందుకే తేడా స్వల్పం. పగలు సున్నాకి సరిచేసి ఉంటే బల్బుల కింద −28 అయ్యేది. +12, −16 అనేది రెండిటికీ మధ్యస్థం. మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉన్నవాళ్లు కూడా, ఏ వెలుగులో ఎక్కువ పని చేస్తారో ఆ వెలుగులోనే సరిచేసుకోవాలి.

ఎల్ఈడీతో ఇంకో చిక్కు. నాసిరకం లైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి వందసార్లు మిణుకుతాయి. డిమ్మర్ తగ్గిస్తే ఇంకా ఎక్కువ. అలాంటి ఒక లైటు కింద చెదురు 34 నుంచి 57కి పెరిగింది. లైటు మారిస్తే మళ్లీ తగ్గింది. ఆ 57 చూసి మళ్లీ పిన్ను తిప్పితే పని మొదటికొస్తుంది.

దశ 7: బయట పరీక్ష

చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు నిలబడి ఆర్చీల వరసను 85 ఎంఎంతో, ఎఫ్/1.8లో తీశాను. దూరాన ఉన్న కట్టడం మీద లాక్ చేస్తే సున్నపు పూత మీది పగుళ్లు లైవ్ వ్యూ షాటుతో సమానంగా వచ్చాయి. కాగితం పరీక్ష ఒకే దూరంలో చేసింది కాబట్టి, దూరం వస్తువు మీద కూడా చూడటం తప్పనిసరి. కొన్ని లెన్సులు దగ్గర ఒకలా, దూరం ఒకలా తప్పుతాయి. ఈ రెండూ తప్పలేదు.

తర్వాత తిరుచానూరులో తెలిసినవాళ్ల పెళ్లి. అన్నే రెండో కెమెరాగా పెట్టుకోమన్నాడు. 50 ఎంఎం, ఎఫ్/2, మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరం. జీలకర్ర బెల్లం సమయంలో, తలంబ్రాల్లో కళ్లు కళ్లలాగే వచ్చాయి. మెత్తగా వచ్చినవాటిలో చాలావరకు మనుషులు కదిలినవే, చెయ్యి, ముఖం అంతా ఒకే దిశలో చెరిగి ఉంటాయి. ఫోకస్ తప్పితే అలా కాదు, ముందో వెనకో ఏదో ఒక తలం స్పష్టంగా దొరుకుతుంది. ఫొటోలో అలాంటి చోటు కోసం వెతకడం మొదటి అలవాటుగా పెట్టుకోండి.

రెండు చోట్ల మాత్రం ఫోకస్ పట్టలేక అటూ ఇటూ కొట్టుకుంది. ఒకటి, పెళ్లికొడుకు తెల్ల పట్టుపంచె మీద. అక్కడ గీత గానీ మడత గానీ లేదు, మాడ్యూలుకి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. రెండోది, పందిట్లో దగ్గరదగ్గరగా వేలాడే ఒకేరకం దండల మీద. రెండు బొమ్మల్లో ఏ దండకి ఏది జతో దానికి తెలియదు. ఇవి ఏ డీఎస్‌ఎల్‌ఆర్‌కైనా తప్పవు, మరమ్మత్తుతో పోవు. పంచె జరీ అంచు మీదికి పాయింటు మార్చితే వెంటనే లాక్ అయింది. పక్క పాయింట్లు చాలా ఎంట్రీ లెవల్ బాడీల్లో ఒకే దిశ గీతల్ని చూస్తాయి. అంచు పట్టలేదంటే కెమెరాను కొంచెం వంచి మళ్లీ ప్రయత్నించండి.

ఫొటోలు చూసి అన్న "ఇంగ నా రెండో బాడీ కూడా తీసుకుపో సామీ, దాంట్లో కూడా ఆ నల్ల పట్టీ రాలతా ఉంది" అన్నాడు. దాని చెదురు మొదట్లోనే 26 ఉంది కాబట్టి, పట్టీ అంచు మాత్రం శుభ్రం చేసి, పిన్ను ముట్టుకోకుండా ఇచ్చేశాను.

ప్రస్తుతం

- 50 ఎంఎం: సగటు +118 నుంచి +12కి, చెదురు 155 నుంచి 34కి
- 85 ఎంఎం: సగటు +96 నుంచి +9కి, చెదురు 110 నుంచి 25కి
- మొత్తం ఖర్చు: రూ. 1,350. అందులో 1,000 దాకా ఇంకా వాడుకోగల పనిముట్లే.

మిగిలిన పని: కింది పాయింటు +34 దగ్గరే ఉంది, ఎఫ్/2.8 కంటే తెరిచి తీసేటప్పుడు దాన్ని వాడట్లేదు. ఫోమ్ పట్టీ పూర్తిగా మార్చాలి, సరైన మందం ఉన్నది దొరికాక. మందం ఎక్కువైతే అద్దం పైకి పూర్తిగా లేవదు, ఫొటో కింది అంచున నీడ పడుతుంది. నవంబరు వానలు వెలిశాక అదే కాగితం, అదే స్కేలు, అదే దూరంతో మళ్లీ పదేసి షాట్లు తీసి, గోళ్లరంగు పట్టు సడలిందేమో చూస్తాను.